మిర్చి రైతుల కొనుగోలు సంఘం: పెట్టుబడిలో అండ, అమ్మకంలో అరకొర

పల్నాడు జిల్లాలో మిర్చి, పత్తి ప్రధానంగా పండే ఒక మండలంలో రైతులు వాటాలు వేసుకుని నడుపుతున్న ఉత్పత్తిదారుల కంపెనీ సేవల మీద ఒక సభ్యుడి సమీక్ష ఇది. ఊళ్లలో దీన్ని ఎవరూ కంపెనీ అనరు. ‘ఎఫ్‌పీఓ’ (రైతు ఉత్పత్తిదారుల సంస్థ) అనో, ‘మన సంఘం’ అనో అంటారు. నేను వాటాదారుణ్ణి కనుక సంఘం పేరు రాయడం లేదు. పొగిడితే ప్రచారమనీ, తప్పుపడితే పాలకవర్గం మీద కోపమనీ అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. పైగా ఇక్కడ చెప్పబోయే మంచిచెడ్డలు ఇలాంటి ఏ సంఘంలో చేరబోయే రైతుకైనా వర్తించేవే.

ముందుగా సంఘం స్వరూపం గురించి కొంత చెప్పుకోవాలి. 2002లో కంపెనీల చట్టానికి చేసిన సవరణతో రైతులు తమలో తాము వాటాలు వేసుకుని ఇలాంటి కంపెనీలు పెట్టుకునే వీలు కలిగింది. ఎన్ని వాటాలున్నా సభ్యుడికి ఒకటే ఓటు, డైరెక్టర్లు ఐదుగురికి తగ్గకుండా, పదిహేను మందికి మించకుండా ఉండాలి. 2020 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన పదివేల ఎఫ్‌పీఓల పథకం కింద మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులుంటే, ఒక్కో సభ్యుడి వాటాకు సమానంగా 2,000 రూపాయల వరకు, మొత్తం మీద 15 లక్షలకు మించకుండా ప్రభుత్వం జోడిస్తుంది. నిర్వహణ ఖర్చులకు మూడేళ్లలో 18 లక్షల వరకు ఇస్తుంది. ఆ మూడేళ్లు గడిచాక సీఈఓ జీతం, గోదాము అద్దె, కరెంటు బిల్లు అన్నీ సంఘం తన వ్యాపారంలో మిగిలిన దానితోనే కట్టుకోవాలి. కనుక సంఘంలో సరుకు అన్నిటికన్నా చౌకగా దొరకాలని ఆశించే సభ్యుడు, ఆ మిగులే లేకపోతే గోదాముకు తాళం పడుతుందన్న సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

కొనుగోలు పద్ధతి ఇలా ఉంటుంది. ఖరీఫ్‌కు ముందే ఊరికొక ప్రతినిధి వచ్చి, ఎన్ని ఎకరాల్లో ఏ పంట, ఏ విత్తనం, ఎన్ని బస్తాల కాంప్లెక్స్ (మిశ్రమ) ఎరువు, ఎన్ని చుట్టల మల్చింగ్ షీటు (మొక్కల చుట్టూ నేల మీద పరిచే ప్లాస్టిక్ పట్టా), ఎంత డ్రిప్ లేటరల్ (సాళ్ల వెంట నీరిచ్చే సన్న గొట్టం) కావాలో ఇండెంటు, అంటే ముందస్తు కోరిక జాబితా, రాసుకుని, విలువలో కొంత భాగం ముందుగా కట్టించుకుంటారు. అన్ని ఊళ్ల ఇండెంట్లూ కలిపిన తర్వాత డిస్ట్రిబ్యూటర్ల దగ్గర కొటేషన్లు తీసుకుని, వచ్చిన ధరలను గోదాము గోడ మీద అంటిస్తారు. ఎవరి దగ్గర ఎంతకు కొన్నారో, దాని మీద సంఘం ఎంత వేసుకుందో రెండూ ఆ కాగితంలో ఉంటాయి. నాకు ఈ సంఘంలో అన్నిటికన్నా నచ్చినది ఆ కాగితమే. ఎరువుల కొట్టువాడు కొన్న ధర ఎంతో రైతుకు తెలిసే అవకాశం మా ప్రాంతంలో ఇంతకు ముందు ఎక్కడా లేదు.

ధర ఎక్కడ తగ్గుతుంది, ఎక్కడ తగ్గదు అన్నది సభ్యులు సరిగా అర్థం చేసుకోవాల్సిన విషయం. 45 కిలోల యూరియా బస్తా ధర ప్రభుత్వం నిర్ణయించిన 266 రూపాయల 50 పైసలే కనుక, వెయ్యి మంది కలిసి కొన్నా అందులో తగ్గేదేమీ ఉండదు. డీఏపీ ఎరువు బస్తా కూడా కేంద్రం ఇస్తున్న ప్రత్యేక రాయితీ వల్ల 1,350 రూపాయల దగ్గర నిలిచింది. పొటాష్, కాంప్లెక్స్ ఎరువుల సంగతి వేరు. వాటి రేట్లు అంతర్జాతీయ మార్కెట్‌ను బట్టి కదులుతాయి. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన 2022లో పొటాష్ బస్తా 1,700 రూపాయలకు చేరినప్పుడు దాన్ని వేయడమే మానుకున్న రైతులు మాలో చాలా మంది ఉన్నారు. ఇలాంటి సరుకులో ముందుగా ఇండెంటు పెట్టుకున్న వారికి ధర పెరిగే లోపు సరుకు చేతికి రావడం నిజమైన లాభమే. అయితే ధర పడిపోయిన ఏడు అదే పద్ధతి వల్ల బజారు కన్నా ఎక్కువ కట్టాల్సి వస్తుందని కూడా ఇండెంటు రాసుకునేటప్పుడే సభ్యులకు చెప్పాలి. ఆ మాట మా ప్రతినిధులు చెప్పరు.

పురుగుమందుల్లో తేడా ఎక్కువ. సీసా మీద అచ్చువేసిన ధరకూ, డీలరు దాన్ని తెచ్చుకునే ధరకూ మధ్య చాలా దూరం ఉంటుంది. అరువు మీద తీసుకునే రైతు అచ్చు ధరకు దగ్గరగా, నగదు ఇచ్చే రైతు అంతకు బాగా తక్కువగా కడతాడు. సంఘం తన ధరను ఎప్పుడూ అచ్చు ధరతోనే పోల్చి, ఇంత శాతం తగ్గించామని బోర్డు రాస్తుంది. ఇది సరైన లెక్క కాదు. పక్క కొట్టులో నగదు ధర ఎంత ఉందో దానితో పోల్చి చూస్తే తగ్గింపు బోర్డు మీద కనిపించేంత ఉండదు, కానీ ఉంటుంది. డ్రిప్ సామాను, మల్చింగ్ షీటు, ట్రే నారు విషయంలో మాత్రం ఎవరితో పోల్చినా సంఘం ధరే తక్కువ, ఎందుకంటే అవి లారీ లెక్కన వస్తాయి, దించిన రోజే పంచేస్తారు, గోదాములో నిలవ ఉండే ఖర్చు లేదు.

రూపాయల్లో లెక్కకు రాని మేలు ఒకటుంది. 2025 ఖరీఫ్‌లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ యూరియా కోసం రైతులు తెల్లవారుజాము నుంచే వరుసల్లో నిలబడ్డారు. కొన్నిచోట్ల పట్టాదారు పాసుపుస్తకాలనూ, చెప్పులనూ వరుసలో పెట్టి కూర్చున్నారు. ఇలాంటి కొరత వచ్చిన ప్రతిసారీ యూరియా బస్తాతో పాటు అక్కరలేని ద్రవ ఎరువు సీసానో, గుళికల సంచినో తీసుకోవాలని లింకు పెట్టడం చిల్లర కొట్లలో మామూలు. అలా చేయకూడదని ప్రభుత్వం ఎన్నిసార్లు చెప్పినా లింకు ఆగలేదు. మా సంఘానికి కూడా ఆ ఏడు కోరినంత యూరియా రాలేదు. వచ్చినదాన్ని ఇండెంటులోని ఎకరాల ప్రకారం, ఈ-పాస్ యంత్రంలో (ఎరువుల అమ్మకాన్ని నమోదు చేసే యంత్రం) వేలిముద్ర తీసుకుని పంచారు, లింకు పెట్టలేదు. డైరెక్టరైనా, అరెకరం రైతైనా ఎకరాకు వచ్చినది ఒక్కటే. సహకార సంఘాల్లో పెద్దమనుషుల ఇళ్లకు ముందుగా బస్తాలు చేరడం చూసి పెరిగిన వారికి ఇది చిన్న విషయంగా అనిపించదు.

సలహా సేవ గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మారుతున్న మార్కెట్లో మిర్చి రైతు నిలవడమా, మునగడమా అన్నది చాలా వరకు పెట్టుబడి మీదే ఆధారపడి ఉంటుంది, మందుల మీద ఆ పెట్టుబడి ఎంత పోతుందన్నది సలహాను బట్టి ఉంటుంది. 2021-22లో నల్ల తామర పురుగు గుంటూరు, పల్నాడు, ఖమ్మం ప్రాంతాల మిర్చి తోటలను పూతలోనే దెబ్బతీసినప్పుడు, ఏ మందు పని చేస్తుందో తెలియక దుకాణదారు ఇచ్చిన మూడు నాలుగు మందులు కలిపి వరుసగా కొట్టి, పంట పోవడంతో పాటు మందుల బాకీ కూడా మిగుల్చుకున్న కుటుంబాలు ఎన్నో. సలహా ఇచ్చేవాడే మందు అమ్మేవాడైతే, ఎక్కువ సీసాలు పోయేలా సలహా ఉండటం సహజం. మా సంఘంలోని వ్యవసాయ పట్టభద్రుడికి జీతమే తప్ప అమ్మకం మీద కమిషన్ లేదు. ఆయన తోటలో నీలిరంగు జిగురు అట్టలు ముందుగా పెట్టించి, వాటి మీద పురుగు ఉధృతి చూశాకే మందు రాస్తారు; లాం ఉద్యాన పరిశోధన స్థానం సిఫారసుల్లో లేని మిశ్రమాలను రాయరు. వెండిరంగు మల్చింగ్ షీటు పురుగును కొంత దూరం పెడుతుందని చెప్పి దానికి ఇండెంట్లు పెంచినదీ ఆయనే. ఒకే మనిషి ఇన్ని ఊళ్లు తిరగాల్సి రావడం వల్ల, పూత దశలో ఫోను చేసిన రోజున తోటకు రాలేకపోతారు. ఫొటో పంపితే సాయంత్రానికి సమాధానం వస్తుంది. మందుల అమ్మకం తగ్గితే సంఘానికి మిగులు కూడా తగ్గుతుంది. అయినా ఈ పద్ధతిని కొనసాగిస్తున్నందుకు పాలకవర్గాన్ని మెచ్చుకోవాలి.

పన్నుల మార్పును కూడా సంఘం సక్రమంగానే సభ్యులకు చేర్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి డ్రిప్, స్ప్రింక్లరు సామాను మీదా, నిర్దేశించిన జీవ పురుగుమందుల మీదా జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు, గోడ మీద ధరల కాగితం ఆ వారంలోనే మారింది. రసాయన పురుగుమందుల మీద 18 శాతం అలాగే ఉంది కనుక వాటి ధర తగ్గలేదు. ఎందుకు తగ్గలేదని అడిగిన వారికి గుమాస్తా ఓపికగా చెప్పడం విన్నాను. ప్రతి కొనుగోలుకూ లాటు నంబరుతో (సరుకు ఏ విడతదో చెప్పే సంఖ్య) బిల్లు ఇవ్వడం ఇంకో మంచి అలవాటు. నాకు ఒకసారి విత్తనం మొలక శాతం బాగా తక్కువ వచ్చింది. సరఫరా చేసిన కంపెనీ మొదట తప్పంతా నా నారుమడి మీదకు నెట్టింది, కానీ చేతిలో బిల్లు ఉండబట్టి, అదే లాటు తీసుకున్న మిగతా సభ్యులు కూడా కలిసి రాబట్టి, వ్యవసాయ శాఖకు ఫిర్యాదు చేయగలిగాం, విత్తనం మార్చి ఇచ్చారు. కాలం మాత్రం తిరిగి రాలేదు.

ఇక లోపాల సంగతి. అన్నిటికన్నా పెద్దది అరువు లేకపోవడం. మా వైపు ఎరువుల కొట్టు యజమానో, గుంటూరు యార్డులోని కమిషన్ వ్యాపారో పెట్టుబడి ఇస్తాడు, కాయ వచ్చాక తన దగ్గరికే తేవాలంటాడు. వడ్డీ, తూకం, ధర అన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. ఈ ముడిని విప్పడానికే సంఘాలు పుట్టాయి, కానీ నగదు ఇస్తేనే సరుకు అనే సంఘం ఆ ముడిలో చిక్కుకున్న రైతుకు దూరంగానే ఉండిపోతుంది. అందులోనూ మిర్చి సాగులో చాలా భారం మోస్తున్న కౌలు రైతుల పరిస్థితి మరీ కష్టం. చట్టం ప్రకారం పండించేవాడైతే చాలు, భూమి పట్టా లేకపోయినా సభ్యుడు కావచ్చు. అయితే ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డుకు భూయజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి, ఆ సంతకం దొరకని వారికి బ్యాంకు పంట రుణం అందడం కష్టం, రుణం లేనివారికి సంఘంలో కట్టడానికి నగదు ఉండదు. మా సభ్యుల జాబితాలో కౌలు రైతులు ఉన్నారు, ఇండెంటు జాబితాలో వాళ్ల పేర్లు చాలా తక్కువగా కనిపిస్తాయి.

సంఘమే అరువు ఇవ్వడం అసాధ్యమని చెప్పలేం. తెలంగాణలోని ముల్కనూరు సహకార సంఘం 1956లో మొదలై, సభ్యుడికి అప్పు ఇవ్వడం, ఎరువు విత్తనం సమకూర్చడం, పండిన ధాన్యం తానే కొని బాకీ అందులో మినహాయించుకోవడం, ఈ మూడింటినీ ఒకే చోట కలిపింది. మా సంఘం అందులో మధ్య పని ఒక్కటే చేస్తోంది.

అమ్మకం దగ్గర ఈ లోటు బయటపడింది. 2023లో మేలురకం మిర్చి క్వింటాలు 20,000 రూపాయలు దాటిందని విని అందరూ మిర్చి వేశారు. 2025 మొదటి నెలల్లో ధర పడిపోయింది. ఎంత పడిపోయిందంటే, ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం (ధర బాగా పడినప్పుడు రైతును ఆదుకునే పథకం) కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. ఆ కాలంలో సంఘం చేసిన మంచి పని, గుంటూరు యార్డులో తేజ, 334, బాడిగ రకాల ధరలను రోజూ రకాలవారీగా ఫోనుకు పంపడం, తాలుకాయ (రంగు పోయిన నాసి కాయ) వేరు చేసి, కల్లంలో బాగా ఆరబెట్టి, ఒకే నాణ్యత ఉన్న టిక్కీలను (మిర్చి బస్తాలు) కలిపి ఒక లాటుగా యార్డుకు పంపడం. అలా పంపిన వారికి మచ్చు (నమూనా) చూసే దగ్గర బేరం మెరుగ్గా కుదిరింది, కాటా దగ్గర కోతలు లేవు, లారీ బాడుగ పంచుకున్నారు. చేయలేని పని, ధర వచ్చేదాకా సరుకు ఆపడం. కోల్డ్ స్టోరేజీలో సంఘం పేరుతో చోటు తీసుకుని, ఆ రశీదు మీద బ్యాంకు అప్పు ఇప్పించి ఉంటే, ఇంటి అవసరానికి తక్కువ ధరకే అమ్ముకున్న చిన్న రైతులు కొంతైనా ఆగగలిగేవారు. విడివిడిగా స్టోరేజీలో పెట్టుకోగలిగింది పెద్ద రైతులే. ఆపినంత మాత్రాన ధర పెరుగుతుందన్న హామీ లేదు, అద్దె, వడ్డీ కలిపితే నష్టం కూడా రావచ్చు. అయినా ఆ నిర్ణయం తీసుకునే వీలు చిన్న రైతుకు కూడా ఉండాలన్నదే నా వాదన.

చిన్న ఇబ్బందులు కూడా కొన్ని ఉన్నాయి: గోదాము మధ్యాహ్నం మూసేస్తారు, ఎత్తుడు దించుడు కూలి విడిగా అడుగుతారు, చెప్పిన తేదీకి షీటు రాకపోతే ముందుగా కబురు చేయరు. సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదువుతారు గానీ, వాడుకున్నదాన్ని బట్టి సభ్యుడికి రావాల్సిన బోనసు ఎలా లెక్కించారో వివరించరు.

నగదుతో గానీ బ్యాంకు రుణంతో గానీ సాగు చేసుకోగలిగిన రైతుకు, ముఖ్యంగా డ్రిప్ మీద మిర్చి వేసేవారికి, ఇందులో చేరమని నిస్సంకోచంగా చెబుతాను. వ్యాపారి దగ్గర పెట్టుబడి తెచ్చుకున్నవారు ఈ ఏడు బాకీ తీరేదాకా వాటా మాత్రం తీసుకుని, జిగురు అట్టలు, నారు లాంటి చిన్న కొనుగోళ్లతో మొదలు పెడితే మంచిది. చేరే ముందు మీ దగ్గరి సంఘంలో గోడ మీద కొన్న ధర రాస్తున్నారా లేదా, సలహాదారుడికి కమిషన్ ఉందా లేదా, గత రెండేళ్ల ఆడిటు చూపిస్తారా లేదా అడగండి. మా సంఘంలో కోల్డ్ స్టోరేజీ చోటు, కౌలు రైతులకు పంట మీద సర్దుబాటు చేసుకునే అరువు, ఈ రెండు తీర్మానాలూ వచ్చే సర్వసభ్య సమావేశానికి రాతపూర్వకంగా ఇచ్చాం. చర్చకు పెడతామని చైర్మన్ గారు అన్నారు, ఓటుకు పెడతారో లేదో చూడాలి.