వైరు పాడైనా నోరెత్తని మెష్: వైర్డ్ బ్యాక్‌హాల్‌తో అనుభవం

మూడు నోడ్ల మెష్ వైఫై ఇది, అంటే ఇంట్లో మూడుచోట్ల పెట్టిన మూడు వైఫై పెట్టెలు కలిసి ఒకే నెట్‌వర్క్‌గా పనిచేస్తాయి. యాంటెన్నాలెన్ని, స్పీడెంత లాంటివన్నీ పెట్టె మీదే రాసి ఉంటాయి, వాటి జోలికి పోను. బాగా వాడాక దీని గురించి చెప్పాలనిపించేది ఒక్కటే, వైర్డ్ బ్యాక్‌హాల్, అంటే నోడ్లని ఒకదానితో ఒకటి గాలిలో కాక కేబుల్‌తో కలపడం. ఇష్టమూ దానిమీదే, కోపమూ దానిమీదే.

ముందు ఇష్టం. వైజాగ్ ఎంవీపీ కాలనీలో రెండంతస్తుల ఇల్లు, మధ్యలో కాంక్రీటు స్లాబు. వైర్‌లెస్‌లో ఉన్నంతకాలం మేడమీది నోడ్ ఒకే 5 గిగాహెర్ట్జ్ రేడియోతో కింది నోడ్‌తోనూ, ఫోన్లతోనూ వంతులవారీగా మాట్లాడాలి. అక్కడే స్పీడు సగానికి పడుతుంది, మిగిలినదాంట్లో స్లాబు తన వాటా తీసుకుంటుంది. కేబుల్ పెట్టాక 300 ఎంబీపీఎస్ ప్లాన్ మొత్తం మేడమీదికి వచ్చింది. సెట్టింగుల్లో వేలు పెట్టే పని లేదు. నోడ్‌ని ముందు వైర్‌లెస్‌లో జతచేసి, తర్వాత కేబుల్ గుచ్చితే అదే పసిగట్టి వైరు మీదికి మారిపోతుంది.

ఆ మారిపోవడం రెండువైపులా జరుగుతుందన్నదే చిక్కు. వైరు పాడైతే అంతే నిశ్శబ్దంగా వైర్‌లెస్‌కి జారుకుంటుంది. నోడ్ మీద లైటు ఆకుపచ్చగానే ఉంటుంది. యాప్‌లో నోటిఫికేషన్ రాదు. ఆ నోడ్ పేజీ తెరిచి చూస్తేనే కేబుల్ బొమ్మ ఉండాల్సిన చోట వైఫై బొమ్మ కనిపిస్తుంది. వీడియో కాల్ ముక్కలు ముక్కలయ్యేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిశాక కూడా ఇంటర్నెట్ కంపెనీనే తిట్టుకుంటాం, పాపం.

దీనికన్నా ముసుగు దశ ఇంకొకటుంది. యాప్‌లో వైరు అనే చూపిస్తుంది, స్పీడు మాత్రం 90–95 ఎంబీపీఎస్ దగ్గర కదలకుండా నిలబడుతుంది. ఆ అంకె చూడగానే అనుమానం కేబుల్ మీదికే పోవాలి. గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి. 100 ఎంబీపీఎస్‌కి 1, 2, 3, 6 పిన్నుల మీది రెండు జతలు చాలు. నీలం జతో బ్రౌన్ జతో తెగితే పోర్టు గిగాబిట్‌కి ప్రయత్నించి, కుదరక 100కి దిగి కూర్చుంటుంది. లింకు బతికే ఉంది కాబట్టి మెష్ దృష్టిలో అంతా క్షేమమే. కొన్నాళ్లకు మిగతా జతలూ పోతాయి, అప్పుడు వైర్‌లెస్‌కి జారుడు.

తేల్చుకునే పద్ధతి చెప్తాను. మేడమీది నోడ్ నుంచి కేబుల్ పీకి ల్యాప్‌టాప్‌కి పెట్టాలి. విండోస్‌లో ఈథర్నెట్ సెట్టింగుల కింద లింక్ స్పీడ్ ఉంటుంది. 1000/1000 ఉంటే కేబుల్ బాగుంది. 100/100 ఉంటే, ల్యాప్‌టాప్ పోర్టు గిగాబిట్‌దే అయినప్పుడు, మెష్‌ని రీసెట్ చేసి లాభం లేదు. తర్వాత రెండు చివర్లలోని ప్యాచ్ కార్డులు (పరికరానికి కలిపే పొట్టి కేబుళ్లు) మార్చి చూడాలి. ఆపైన ఆ నోడ్‌నే కిందికి తెచ్చి ప్రధాన నోడ్ పక్కన మీటరు పొడవు ప్యాచ్ కార్డుతో కలపాలి. అక్కడ వైరు బొమ్మ వచ్చి స్పీడు నిలబడితే నోడ్ నిర్దోషి, దోషం గోడమీది కేబుల్‌దే.

ఇక్కడ దోషం సన్‌షేడ్ కింద దొరికింది. కేబుల్ పొడవు చాలక మధ్యలో కప్లర్ (రెండు కేబుళ్లని కలిపే జాయింటు) పెట్టి అతికించారు. సముద్రానికి దగ్గరి ఇళ్లలో గ్రిల్లులకీ ఏసీ అవుట్‌డోర్ యూనిట్లకీ ఏమవుతుందో వైజాగ్‌లో చెప్పక్కర్లేదు, కప్లర్‌కీ అదే గతి. కేబుల్ చివర ఉండే ఆర్‌జే45 ప్లగ్గుల్లో చవకవాటి మీద బంగారు పూత పేరుకే ఉంటుంది. ఉప్పుతేమ చేరగానే కింది లోహం పచ్చబారుతుంది. పైగా కేబుల్ రాగిపూత వేసిన అల్యూమినియం. కోసినచోట తేమ తగిలితే లోపలి అల్యూమినియం తెల్లపొడిగా రాలిపోతుంది. తీగని బ్లేడుతో గీరితే లోపల తెల్లగా కనబడేది ఈ అల్యూమినియమే.

కొనేముందు మల్టీమీటర్‌తోనూ తేల్చుకోవచ్చు. ఒక చివర ఒకే జతలోని రెండు తీగలూ మెలేసి, రెండో చివర రెసిస్టెన్స్ చూడాలి. 24 గేజ్ అసలు రాగి అయితే 30 మీటర్లకి రానూపోనూ సుమారు 5 ఓమ్స్. 8 దగ్గర చూపిస్తే అల్యూమినియమే. మల్టీమీటర్ సొంత వైర్ల రెసిస్టెన్స్ తీసేయడం మర్చిపోవద్దు. ద్వారకానగర్ షాపుల్లో అడిగేటప్పుడు “క్యాట్6” అంటే సరిపోదు, “ప్యూర్ కాపర్, అవుట్‌డోర్” అని అడగాలి. ఎండకి తట్టుకునే నల్ల జాకెట్ ఉన్నది తీసుకోవాలి.

కొత్త కేబుల్ మధ్యలో అతుకు లేకుండా, రెండు చివరలూ ఇంటి లోపలే తేలేలా వేయించాక సమస్య పోయింది. గోడ రంధ్రంలోకి వెళ్లేముందు కేబుల్‌ని కాస్త కిందికి వేలాడదీసి పైకి తిప్పాలి, వాననీరు అక్కడే కారిపోతుంది. కరెంటు వైరు ఉన్న పైపులో దీన్ని దూర్చనివ్వకండి.

క్రింపింగ్ (కేబుల్ చివర ప్లగ్గు బిగించడం) దగ్గర ఒక్క నిమిషం నిలబడి చూడండి. ఆరెంజ్ తెలుపు, ఆరెంజ్, గ్రీన్ తెలుపు, నీలం, నీలం తెలుపు, గ్రీన్, బ్రౌన్ తెలుపు, బ్రౌన్: ఇదీ వరుస. కొందరు జతల్ని పక్కపక్కనే పెట్టి రెండువైపులా అలాగే కొట్టేస్తారు. ఎనిమిది లైట్ల టెస్టర్‌లో అన్నీ వెలుగుతాయి, ఎందుకంటే అది తీగ కలిసిందా లేదా అన్నదే చూస్తుంది. కానీ 3, 6 పిన్నులు ఒకే మెలికలోని జత కాకపోతే పక్క జత సిగ్నల్ ఇందులోకి కలుస్తుంది. పొడవైన కేబుల్ మీద గిగాబిట్ నిలబడదు.

కేబుల్ బాగున్నా వైరు బొమ్మ రాకపోతే చూడాల్సినవి వేరు. మెష్ రౌటర్ మోడ్‌లో ఉంటే, అంటే ఇంటి రౌటర్ పని అదే చేస్తుంటే, మిగతా నోడ్ల కేబుళ్లన్నీ ప్రధాన నోడ్ వెనక నుంచే రావాలి, ఫైబర్ బాక్సు నుంచి నేరుగా కాదు. మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ (పలు కేబుళ్లని కలిపే పెట్టె) ఉంటే దాన్ని తప్పించి చూడండి. నోడ్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి ఐఈఈఈ 1905.1 అనే ప్రమాణం ప్రకారం పంపే ప్యాకెట్లు వాడే మెష్‌లు ఉన్నాయి, కొన్ని స్విచ్‌లు వాటిని అవతలికి పంపవు. అప్పుడు వైరూ వైర్‌లెస్సూ రెండూ కలిసి లూప్ అయ్యే (ప్యాకెట్లు ఆగకుండా గుండ్రంగా తిరిగే) ప్రమాదమూ ఉంది. లైట్లన్నీ ఒక్కసారిగా టపటపలాడుతూ ఇల్లంతా నెట్ ఆగిపోతే అదే.

కొనొచ్చా అంటే, మధురవాడ వైపు అపార్ట్‌మెంట్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌కి ఈ ఖర్చు అక్కర్లేదు, ఒక్క మంచి రౌటర్ చాలు. స్లాబులు దాటాల్సిన ఇల్లయి, లోపలే పైపు దారి ఉంటే ధైర్యంగా తీసుకోండి. కేబుల్ బయటి గోడమీద వేలాడక తప్పదంటే, పిడుగులప్పుడు ఆ రాగితీగ రెండు పోర్టుల్నీ తీసుకుపోగలదు. ఆ ముక్క వరకు ఫైబర్, రెండు చివర్లా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌నీ రాగి కేబుల్‌నీ కలిపే పెట్టెలు) పెట్టించడం నయం. నా మార్కులు ఐదుకి మూడున్నర. వైరు పోయిందని ఫోన్‌కి ఒక్క నోటిఫికేషన్ పంపే అప్‌డేట్ వస్తే నాలుగున్నర ఇస్తాను.