ముగ్గురు మాజీ జవాన్లతో నుబ్రా: 14,400 టెంటు, 6,000 ఇల్లు

ముందే చెప్తున్నా, లడఖ్‌లోని నుబ్రా లోయకి వెళ్లడానికి లేహ్‌లో మాకు పర్మిట్ తీసిచ్చిన ట్రావెల్ ఏజెంట్ మీద నా కోపం ఇంకా చల్లారలేదు. మనిషికి 2,500 చొప్పున ఐదుగురికి 12,500 గుంజి, "సియాచిన్ బేస్ క్యాంప్ దాకా పక్కా" అన్నాడు. కాగితంలో మాత్రం దానికి చాలా ముందే వచ్చే పనామిక్ ఊరి వరకే రాసి ఉంది. ఆ సంగతి మాకు పనామిక్ దాటాక, చెక్‌పోస్ట్ దగ్గర తెలిసింది.

వెళ్లింది నేను, మా ఆయన, నాన్న, నాన్నతో పాటు మద్రాస్ రెజిమెంట్‌లో పనిచేసిన ఇద్దరు బాబాయ్‌లు. ఒకరిది తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం, ఇంకొకరిది టెక్కలి. మా ఇంట్లో వాళ్లని ఊళ్ల పేర్లతోనే పిలుస్తాం. అమ్మ మోకాళ్ల నొప్పులని రానంది. నాన్నవాళ్లు ముగ్గురూ 1995 అక్టోబర్ నుంచి మూడు నెలలు సియాచిన్ హిమనదం మీద ఒకే పోస్టులో ఉన్నారు. ఆ పోస్టు పేరు ఇప్పటికీ చెప్పరు. "పందొమ్మిది వేల అడుగుల పైన" అంటారు, అంతే. ఒక్కసారి బేస్ క్యాంప్ దాకా వెళ్లి, అక్కడి స్మారకం మీద ఒక పేరు చూసి, జవాన్లు మొక్కే ఓపీ బాబా గుడిలో దణ్ణం పెట్టుకుని రావాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నారు. ఆ పేరు ఎవరిదో బయల్దేరేటప్పుడు నాకు తెలియదు. నాన్న ఇంట్లో సియాచిన్ గురించి మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఒక పోస్టుకార్డు నిండదు.

హైదరాబాద్ నుంచి ఢిల్లీ మీదుగా లేహ్‌కి రానూపోనూ టికెట్ మనిషికి 18,300 పడింది. లేహ్ పదకొండున్నర వేల అడుగుల ఎత్తు. నాన్న మొదటి రోజే ఆర్డర్లు పాస్ చేశాడు: స్నానం లేదు, మెట్లు ఎక్కేది లేదు, మూడు రాత్రులు ఇక్కడే. "రెండు చాలవా మావయ్యా, లీవు అయిపోతుంది" అన్నాడు మా ఆయన. "మమ్మల్ని ఆరు రోజులు ఒకచోట, నాలుగు రోజులు ఇంకాస్త పైన, మళ్లీ నాలుగు రోజులు ఇంకా పైన ఉంచి గానీ పంపలేదు" అని నాన్న. మా ఆయన వినలేదు. సాయంత్రం ఫొటోల కోసం శాంతి స్తూపం మెట్లెక్కి వచ్చి, రాత్రంతా తలనొప్పి, వాంతులు. పొద్దున్నే మాధవరం బాబాయ్ మంచం పక్కన కూర్చుని, "లామాల దేశంలో గామా పహిల్వాన్ వేషాలు వెయ్యకూడదు అల్లుడూ" అన్నాడు. ఆ మాట అక్కడి రోడ్ల పక్కన బోర్డుల మీద కూడా కనిపిస్తుంది. అది చూసినప్పుడల్లా మా ఆయన మొహం తిప్పుకునేవాడు.

మీతో పెద్దవాళ్లుంటే లేహ్‌లో మూడు రాత్రుల కంటే తగ్గించొద్దు. మన ఊరి ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచెయ్యదు, కనీసం ఒకరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

ఎయిర్‌పోర్టు దగ్గర ఆర్మీ వాళ్ల హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం ఉంది, తప్పకుండా చూడండి. సియాచిన్ గదిలో జవాన్లు వేసుకునే బట్టలూ బూట్లూ పెట్టారు. ముగ్గురూ అక్కడ ఇరవై నిమిషాలు నిలబడ్డారు. టెక్కలి బాబాయ్ ఒక్కడే నోరు విప్పాడు. "ఇవి మా బూట్ల కంటే మంచివి."

నుబ్రాకి నాలుగు రోజులకి ఇన్నోవా 27,000. దారిలో ఖర్దుంగ్ లా కనుమ దగ్గర పది నిమిషాలు ఆగాం. పాత బోర్డు ఫొటోల్లో 18,380 అడుగులని ఉంటుంది గానీ అసలు ఎత్తు 17,582. "అయితే మా పోస్టు కిందే ఉంది ఇది" అని నాన్న కారు కూడా దిగలేదు.

ఇక నుబ్రాలోని హుండర్ ఊళ్లో టెంట్ల భాగోతం. రెండు టెంట్లు, ఒక్కోటి 7,200, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిపి. బుకింగ్‌లో హీటర్, ఇరవైనాలుగు గంటలూ వేడినీళ్లు, ఎలక్ట్రిక్ దుప్పటి అని రాసుకున్నారు. సెప్టెంబర్ ఆఖరు వారం, సూర్యుడు కొండ వెనక్కి జారగానే పళ్లు టకటకలాడుతున్నాయి. హీటర్ ఉంది, కరెంటు లేదు. జనరేటర్ ఏడింటి నుంచి పదకొండింటి దాకానేనట, ఆ నాలుగు గంటల్లోనూ రెండు టెంట్లలో గీజర్లు ఒకేసారి వేస్తే ట్రిప్ అయిపోయేది. వేడినీళ్లు అడిగితే బకెట్టు వంద. చలిమంట, పాటలు కావాలంటే 1,500 అదనం. మేం వద్దన్నాం, పక్క గ్రూపు కావాలంది, పాటలు మాత్రం అందరం విన్నాం. భోజనంలో పనీర్ కూర మీద నెయ్యి గడ్డకట్టి తెల్లగా పొర కట్టింది. మేనేజర్ని నిలదీస్తే, "మేడమ్, ఇది లడఖ్. చలి ఉంటుంది" అన్నాడు. చలి ఉంటుందని నాకూ తెలుసు. హీటర్ అని రాసి 7,200 తీసుకున్నది మీరు కదా అన్నాను. నవ్వి వెళ్లిపోయాడు.

పదకొండు దాటాక కరెంటు పోయింది. ఈ వయసులో ముగ్గురూ గడ్డకట్టిపోతారేమో అని టెన్షన్‌తో నా రజాయి కూడా పట్టుకుని వాళ్ల టెంట్‌కి వెళ్లాను. లోపల చీకట్లో నవ్వులు. ఫోన్ టార్చి పైకి తిప్పి పెట్టుకుని, కాళ్ల మీద రజాయిలు కప్పుకుని, ముగ్గురూ మంచం మీద వరసగా కూర్చున్నారు. "రామ్మా. వీడు మనకి ఫైవ్ స్టార్ ఇచ్చాడు" అన్నాడు మాధవరం బాబాయ్.

ఆయన సాక్సు విప్పి పాదానికి నూనె రాసుకుంటున్నాడు. ఎడమ కాలి చివరి రెండు వేళ్లు సగానికే ఉన్నాయి. చిన్నప్పటి నుంచి చూస్తున్న మనిషే, ఆయన వేళ్లు ఎప్పుడూ చూడలేదు. ఒక్కో వేలు విడదీసి, సందుల్లో తుడిచి, నూనె రాసి, మళ్లీ తుడిచి, సాక్సు లోపల చెయ్యి పెట్టి తడి ఉందేమో చూసి, మడత పడకుండా తొడిగాడు. "తడిసిన సాక్సుని పొట్టకి ఆనించుకుని పడుకునేవాళ్లం, పొద్దుటికి ఆరేది. ఒక్క రాత్రి బద్ధకించాను" అన్నాడు. అంతకు మించి దాని గురించి మాట్లాడలేదు.

అసలు కబుర్లు ఆ తర్వాత మొదలయ్యాయి. ఫైబర్ గుడిసె, అందులో అరడజను మంది. రాత్రీ పగలూ కిరోసిన్ స్టవ్వు. ఆ పొగకి ముక్కులో మసి, ఉమ్మితే నలుపు. కిందకి దిగాక కూడా చాలా రోజులు నల్లగానే వచ్చేదట. స్టవ్వు గాలి విషమవుతుందని ఒకడు మేలుకునే ఉండాలి. నీళ్లంటే జెర్రీకేన్లో మంచు కూరి కరిగించడమే. ప్రెషర్ కుక్కర్ లేకపోతే బియ్యం ఉడకదు. నారింజపండు రాయిలా గట్టిపడితే సుత్తితో కొట్టి చప్పరించేవాళ్లు. కోడిగుడ్డు గోడకేసి కొట్టినా పగలదు. తుపాకీని ఉత్త చేత్తో ముట్టుకుంటే చర్మం అంటుకుని ఊడొస్తుంది. నడక తెల్లవారుజామున చీకట్లోనే, అప్పుడైతే మంచు గట్టిగా ఉంటుంది. అందరి నడుములకీ ఒకే తాడు. ముందు నడిచేవాడు పగుల్లో పడితే వెనకవాళ్లు లాగాలి.

"వెల్లింగ్టన్‌లో ట్రైనింగప్పుడు ఊటీ చలికి ఏడ్చాను నేను" అన్నాడు టెక్కలి బాబాయ్. మళ్లీ నవ్వులు. "మరి ఫైరింగ్?" అని అడిగాను. కాల్పుల విరమణ వచ్చింది 2003 నవంబర్లో, వీళ్లున్నప్పుడు లేదు. "అదీ ఉండేది. మమ్మల్ని పట్టుకుపోయింది మాత్రం ఎక్కువగా చలే" అన్నాడు నాన్న.

అప్పుడు చెప్పారు ఆ పేరు ఎవరిదో. తిరునెల్వేలి కుర్రాడు, ఇరవైమూడేళ్లు, వంట బాగా చేసేవాడు. ఒక సాయంత్రం ఆయాసం, దగ్గు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, ఫౌజీలు హేపో అంటారు. వెంటనే కిందకి దించడమే అసలు మందు. వాతావరణం మూసుకుపోయింది, చీతా హెలికాప్టర్ రాలేకపోయింది. మూడో రోజు వచ్చింది. పైకి వెళ్లేముందు ఓపీ బాబాకి రిపోర్టు చేసి వెళ్తారు, దిగొచ్చాక మళ్లీ చేస్తారు. ఒంటరిగా పోస్టు కాపాడుతూ తిరిగిరాలేదని చెప్పుకునే ఓం ప్రకాశ్ అనే జవానే ఓపీ బాబా. "దిగొచ్చి రిపోర్టు చేసినప్పుడు మా లెక్క ఒకటి తక్కువ" అన్నాడు నాన్న. టార్చి ఆపేశారు. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

పడుకోబోతూ టెక్కలి బాబాయ్, "నీ బారసాల కూడా అక్కడే చేశాం తెలుసా" అన్నాడు. నేను పుట్టింది ఆ నవంబర్లో. అమ్మ రాసిన ఉత్తరం హెలికాప్టర్లో ఐదు వారాలకి చేరిందట. ఆ రోజు దాచుకున్న మిల్క్‌మెయిడ్ డబ్బా తెరిచారట. నిజమేనా అన్నట్టు నాన్న వైపు చూశాను. "డబ్బా గడ్డకట్టి ఉంది. కరగడానికి గంట పట్టింది" అన్నాడు.

మర్నాడు ఒంటెలు చూశాం. రెండు మూపురాలవి, అంతే. డిస్కిట్‌లో పెద్ద బుద్ధుడి దగ్గర మా ఆయన మూడ్ కాస్త బాగుపడింది. అక్కడి నుంచి నుబ్రా నది వెంబడి పనామిక్, ఆపైన చెక్‌పోస్ట్.

చెక్‌పోస్ట్‌లో జవాను కాగితం చూసి, వేలు పెట్టి చూపించాడు: ఇక్కడిదాకానే. ఏజెంట్‌కి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. నేను గొంతు పెంచాను. లోపల్నుంచి ఒక సుబేదార్ వచ్చాడు. నాన్న తన ఎక్స్-సర్వీస్‌మెన్ కార్డు చూపించగానే నిటారుగా నిలబడి "రామ్ రామ్ సాబ్" అన్నాడు, కుర్చీలు వేయించాడు, స్టీలు గ్లాసుల్లో టీ ఇప్పించాడు, పైవాళ్లతో మాట్లాడి వచ్చాడు. కుదరదు సాబ్ అన్నాడు. నేను మళ్లీ ఏదో అనబోతే నాన్న నన్ను కసిరాడు. "అతని డ్యూటీ అతను చేస్తున్నాడు. నేనున్నా ఆపేవాణ్ణే." ఆ సుబేదార్ తప్పు వెంట్రుకవాసి కూడా లేదు. తప్పంతా 12,500 జేబులో వేసుకున్నవాడిది.

ముగ్గురూ రోడ్డు పక్కకి వెళ్లి, హిమనదం ఉన్న వైపు తిరిగి వరసగా నిలబడ్డారు. నాన్న హిందీలో ఏదో చెప్పాడు, మూడు నాలుగు ముక్కలే. సెల్యూట్ చేశారు. నేను ఫొటో తియ్యలేదు. మా ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

తిరిగి హుండర్‌కి వెళ్లే ఓపిక ఎవరికీ లేదు. డ్రైవర్ పనామిక్‌లో తనకు తెలిసిన ఇల్లు చూపించాడు. మనిషికి 1,200, రెండు పూటలా భోజనంతో, ఐదుగురికి 6,000. ఈ ప్రయాణంలో నాకు పూర్తిగా గిట్టుబాటైన ఖర్చు ఇదొక్కటే. పడక గదిలో హీటర్ లేదు, ఉందని ఎవరూ చెప్పనూ లేదు. మందమైన పరుపులు, ఒక్కొక్కరికి మూడు రజాయిలు. ఊళ్లో గంధకం వాసన కొట్టే వేడినీటి ఊట ఉంది, మాధవరం బాబాయ్ కాళ్లు పెట్టుకుని గంట కదల్లేదు. వంటగదిలో మధ్యన పొయ్యి, గోడ నిండా అలమరల్లో మెరిసే ఇత్తడి గిన్నెలు. అందరం పొయ్యి చుట్టూ చేరాం. ఆ ఇంటావిడ స్క్యూ పెట్టింది: గోధుమపిండి ముద్దలు, ముల్లంగి, బంగాళాదుంపలు కలిపి పులుసులా వండినది. మా ఆయన లేహ్ తర్వాత కడుపు నిండా తిన్నది ఇదే, మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఉప్పు వేసిన వెన్న టీ మాత్రం నాకు గొంతు దిగలేదు. ముగ్గురు ముసలాళ్లూ రెండేసి కప్పులు తాగారు.

ఇంటాయన మొదట దూరంగా కూర్చున్నాడు. బాబాయ్‌లు ఫౌజీలని తెలిశాక దగ్గరికి జరిగాడు. ఆయన వయసులో ఉండగా పోర్టర్‌గా పైకి వెళ్లేవాడట. నుబ్రా ఊళ్ల మగవాళ్లు చాలామంది ఆ పని చేశారు. వీపు మీద కిరోసిన్ జెర్రీకేన్, నడుముకి అదే తాడు. ఏ సంవత్సరం, ఏ పోస్టు, ఏ కంపెనీ అని నలుగురూ సగం హిందీ, సగం సైగలతో లెక్కలు వేసుకున్నారు. ఎక్కడా ఎదురుపడలేదని తేలింది. అయినా రాత్రి పదకొండున్నర దాకా లేవలేదు. పోస్టు పేరు కూడా అన్నారు, నేను విన్నాను. ఇక్కడ రాయను.

పొద్దున బయల్దేరేటప్పుడు ఇంటాయన ఎండు ఆప్రికాట్లు కిలో పైనే పొట్లం కట్టి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. నాన్న తన ఉన్ని టోపీ తీసి ఆయన తల మీద పెట్టాడు.

లేహ్‌లో ఏజెంట్ దగ్గరికి నేరుగా వెళ్లాను. రూల్స్ మారాయని, తన చేతిలో ఏం లేదని, గంటసేపు సాకులు. షాపులో ఇంకో కుటుంబం అదే పర్మిట్ కోసం కూర్చుని ఉండగా మా కాగితం వాళ్ల చేతిలో పెట్టి చదవమన్నాను. అప్పుడు 5,000 తిరిగిచ్చాడు. ఇంకా 7,500 బాకీ. మీరెవరైనా అటు వెళ్తే, డబ్బులిచ్చేముందు పర్మిట్ కాగితంలో ఊళ్ల పేర్లు ఒక్కొక్కటీ చదవండి. చివరి పేరు ఏదో చూడండి, బేస్ క్యాంప్‌కి ఆ వారం పంపుతున్నారో లేదో వేరేచోట కూడా అడగండి. హుండర్లో ఉండాల్సొస్తే టెంట్ల జోలికి పోకుండా ఇళ్లలో గది చూసుకోండి.

మాధవరం బాబాయ్ జూన్‌కి టికెట్ రేట్లు చూడమని రోజు విడిచి రోజు ఫోన్ చేస్తున్నాడు. ఈసారి లేహ్‌లో నాలుగు రాత్రులు ఉందామంటున్నది మా ఆయన.