స్విఫ్ట్‌కి ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్: మూడేళ్ల వాడకం, ఒక్క హోరు గోల

నా 2018 పెట్రోల్ స్విఫ్ట్‌కి కంపెనీ సైలెన్సర్ విప్పేసి, పొగ అడ్డు లేకుండా పోయే ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్ పెట్టించి మూడేళ్లు దాటింది. ఈలోగా మూడు రకాలు చూశాను. మొదట వెనక డబ్బా ఒక్కటే మార్చాను. తర్వాత క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషాలను తగ్గించే క్యాట్) వెనక నుంచి చివరిదాకా మొత్తం పైపు మార్పించాను. ఇప్పుడు అదే పైపు మధ్యలో ఒక రెజొనేటర్, అంటే హోరుని తగ్గించే డబ్బా, ఉంది. పైపు సైజులు, స్టీలు గ్రేడుల గురించి అందరూ రాస్తున్నారు, నేను ఆ జోలికి పోను. నా గోలంతా హైవే మీద తొంభైలో వచ్చే ఒక్క హోరు గురించి.

ముందు మంచి మాటే చెప్తాను. మొత్తం పైపు వేయించిన రోజు రాత్రి హైదరాబాద్ మైండ్‌స్పేస్ అండర్‌పాస్‌లో అద్దాలు దించి సెకండ్ గేర్‌లో లాగాను. నాలుగు వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దాటాక వచ్చిన శబ్దానికి ఒళ్లు ఝల్లుమంది. వెనక్కి వెళ్లి ఇంకోసారి లాగాను. ఆ వారంలోనే నలుగురికి "కళ్లు మూసుకుని వేయించేయండి" అని చెప్పాను. బండి సందు మలుపు తిరగ్గానే మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లేచి గేటు తీసేవాడు. అదీ గొప్పగానే ఉండేది.

ఆ నెలాఖరున అమ్మానాన్నలను ఎక్కించుకుని విజయవాడ బయల్దేరాం. పంతంగి టోల్ దాటి ఐదో గేర్‌లో తొంభై పట్టగానే మొదలైంది, గుయ్‌మని. పెద్ద శబ్దం కాదది. పక్కింట్లో బోరు మోటారు వేసి మర్చిపోతే మన గోడలోంచి వినిపిస్తుందే, అలాంటిది. చెవికంటే ముందు ఛాతీకి తెలుస్తుంది. ఎనభైకి దిగితే ఉండదు, నూట పదిహేను దాటితే ఉండదు. మనం గంటల తరబడి నడిపే స్పీడులో మాత్రమే ఉంటుంది. చిట్యాల దాకా ఓపిక పట్టిన నాన్న, "ఏరా, సైలెన్సర్ ఊడిందేమో ఓసారి ఆపి చూడు" అన్నారు. ముప్పై వేలు పెట్టి కావాలనే వేయించానని చెప్పడానికి నోరు రాలేదు. అమ్మ అప్పటికే చెవుల్లో దూది పెట్టుకుంది.

లెక్క తర్వాత తెలిసింది. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒక్కో చుట్టుకి రెండుసార్లు పేలుతుంది. ఆ స్పీడులో ఉండే 2,700 ఆర్‌పీఎం అంటే సెకనుకి తొంభై పేలుళ్లు, అంటే 90 హెర్ట్జ్. అది కారు క్యాబిన్ అద్దాలూ రేకులూ కలిసి మోగే స్థాయి. కంపెనీ వాళ్లు లోపల గదులు కట్టి, అడ్డు రేకులు పెట్టి చంపేది సరిగ్గా దీన్నే. మనం ఆ బరువంతా పీకేసి, సూటి పైపు చుట్టూ గ్లాస్ ఊల్ కూరిన డబ్బా పెడతాం. ఆ ఊల్ గరగర శబ్దాలను మింగుతుంది గానీ ఇంత లోతు శబ్దాన్ని పెద్దగా ఆపలేదు. ఒక చివర మూసిన పక్క పైపు కొలతకి చేయించి కలిపితే హోరు తగ్గుతుందని లెక్క వేశాను. వేడి గాలిలో 90 హెర్ట్జ్‌కి అది మీటరుంపావు పైనే వస్తోంది. స్విఫ్ట్ కింద ఎక్కడ పెడతాం?

ఎనిమిదో నెలలో అసలు కథ జరిగింది. వానలో నకిరేకల్ దాటాక స్పీడ్ బ్రేకర్ మీద టక్‌మంది, ఆ వెంటనే వెనక రోడ్డు గీసుకుంటున్న చప్పుడు. దిగి చూస్తే డబ్బాని మోసే రబ్బరు తెగిపోయి, పైపు ఓ పక్కకి వేలాడుతోంది. బిగించినవాళ్లు పాత రబ్బర్లే వదిలేశారని అప్పుడు తెలిసింది. పంక్చర్ షాపు అతను జాకీ ఎక్కించి, ముందు ట్యూబు ముక్కతో కట్టాడు. రెండు కిలోమీటర్లకే వాసన మొదలైంది. వెనక్కి వస్తే నవ్వుతూ బైండింగ్ వైరు నాలుగు పేటలు మెలేసి బిగించాడు. "ఏం పరేషాన్ లేదన్నా, బెజవాడ దాకా పోతది" అన్నాడు, వంద తీసుకున్నాడు. నిజంగానే పోయింది. కాకపోతే రబ్బరు ఎందుకు పెడతారో ఆ నూటయాభై కిలోమీటర్లలో బోధపడింది. వైరు పైపు వణుకునంతా తిన్నగా బాడీలోకి ఎక్కించింది. డ్యాష్‌బోర్డు మీది వినాయకుడు కూడా కోదాడ దాకా ఊగుతూనే ఉన్నాడు.

తిరిగొచ్చాక వేరే షాపులో ఓ పెద్దాయన పక్కన కూర్చుని పది నిమిషాలు బండి తిప్పించాడు, అద్దాలు ఎక్కించి మరీ విన్నాడు. మధ్యలో రెజొనేటర్ వెల్డింగ్ చేసి, రబ్బర్లన్నీ కొత్తవి వేశాడు. నాలుగు వేలయింది. హోరు పూర్తిగా పోలేదు కానీ పాటలు వినొచ్చు, ఫోన్ మాట్లాడొచ్చు. అండర్‌పాస్ సరదా కొంచెం తగ్గింది. అది రెండో ఏడాది నుంచే తగ్గుతోందనుకోండి. లోపలి ఊల్ పాడై ఇప్పుడు కాస్త రేకు డబ్బా మోత వస్తోంది.

పవర్ అడుగుతారు కాబట్టి చెప్తున్నా. థర్డ్ గేర్‌లో నలభై నుంచి ఎనభైకి ఫోన్‌తో ఎన్నిసార్లు కొలిచినా, ఏసీ వేసినప్పుడు ఆపినప్పుడు ఉన్నంత తేడా కూడా రాలేదు. మ్యానిఫోల్డు (ఇంజన్ పొగని ఒక్కచోటికి చేర్చే గొట్టాలు), దాన్నంటుకున్న క్యాట్ కంపెనీవే ఉన్నాయి, పొగకి అడ్డంతా అక్కడే ఉంది. వెనక వెడల్పు చేస్తే ఏమొస్తుంది? పైపు మరీ లావైతే గ్యాసు వేగం తగ్గి కింది ఆర్‌పీఎంలో నీరసం కూడా వస్తుంది. వెనక కుడీ ఎడమా రెండు పైపు మూతులు పెట్టించుకునేవాళ్లకి ఇంకో మాట. వీ8 ఇంజన్‌కి నాలుగేసి సిలిండర్ల వరసలు రెండున్నాయి, రెండు పైపులు వేసి మధ్యలో హెచ్ లాగానో ఎక్స్ లాగానో కలిపితే శబ్దం నిజంగానే మారుతుంది. ఒకే వరసలో నాలుగు సిలిండర్లుండే మన ఇంజన్‌కి ఉన్నదే ఒక్క పైపు, చివర చీల్చడం అందానికే.

పొల్యూషన్ చెక్‌లో ఇబ్బంది రాలేదు, క్యాట్ ఉంది కదా. కానీ పోలీసులు ఆపితే అది పనికిరాదు. శబ్దం నిబంధనలు దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద జరిమానా 10,000 దాకా ఉంది. నన్ను ఇంతవరకూ ఆపలేదు, అది నా అదృష్టం.

వేయించుకోవాలా అంటే, నాకు నెలకి రెండుసార్లు ఊరి ప్రయాణం, వెనక సీట్లో డెబ్బై ఏళ్ల నాన్న. సిటీలోనే తిరిగే ఒంటరివాడినైతే ఇంకోలా రాసేవాణ్నేమో. ముందు ఎవరిదైనా ఇలాంటి బండి అడిగి, అద్దాలు ఎక్కించి అరగంట తొంభైలో పోయి చూడండి. కంపెనీ సైలెన్సర్ మాత్రం పాతసామాన్ల వాడికి వేయకండి. నాది బాల్కనీలో తులసి కుండీ వెనక ఉంది.

వాచ్‌మన్‌కి ఇప్పుడు మలుపు దగ్గర నా బండి వినపడటం లేదు. గేటు ముందు ఆగి హారన్ కొడుతున్నాను.