యూట్యూబ్ కామెంట్ల జల్లెడ: బూతు ఆగుతుంది, ఎటకారం ఆగదు

విజయనగరం, శ్రీకాకుళం వైపు తప్పెటగుళ్లు, జముకుల కథ, జాతరల వీడియోలు పెట్టే చిన్న ఛానెళ్లకు యూట్యూబ్ స్టూడియో (ఛానెల్ నడిపేవాళ్ల పేజీ)లో కామెంట్లను అదుపులో పెట్టే మోడరేషన్ సాధనాలే దిక్కు. పైసా ఖర్చు లేదు. పని మాత్రం మనమే చేసుకోవాలి.

సెట్టింగ్స్‌లో కమ్యూనిటీ మోడరేషన్ తెరిస్తే బ్లాక్‌డ్ వర్డ్స్ అనే పెట్టె ఉంటుంది. కామాలు పెట్టుకుంటూ మాటలు ఎక్కిస్తే, అవి ఉన్న కామెంట్ బయటికి రాకుండా మీ పరిశీలనకు ఆగుతుంది. మొదటి చిక్కు లిపితోనే. తెలుగులో తిట్టేవాళ్లు చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. ఒకడు దీర్ఘానికి రెండు "a"లు వేస్తాడు, ఒకడు ఒక్కటే. ఒకడు హెచ్ కలుపుతాడు, ఇంకొకడు మధ్యలో చుక్కలు పెడతాడు. ఒక్కో తిట్టుకూ తెలుగు లిపిలో ఒకటి, ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగైదు రూపాలు ఎక్కించాలి. "వెధవ" పెట్టాం కదా, "వెధవలకి" కూడా దొరుకుతుందిలే అనుకోవద్దు. అదీ రాయండి.

రెండో చిక్కు అచ్చంగా మనది. మన యాసను ఎక్కిరించేవాళ్లు వాడేదీ, మనం ముద్దుగా అనుకునేదీ ఒకే మాట. "గుంటడు" (కుర్రాడు) జాబితాలో పెడితే "మా గుంటడు ఎంత బాగా ఆడినాడో" అన్న మేనత్త కామెంటూ ఆగిపోతుంది. "ఏటి" (ఏమిటి) పెట్టారా, సగం ఊరి నోరు కట్టేసినట్టే! యాస మాటల జోలికి పోకండి. బూతులు, కులం తిట్లు చాలు. మేనత్తను అప్రూవ్డ్ యూజర్స్‌లో చేర్చండి, ఆవిడ రాసింది ఏ ఫిల్టరూ తగలకుండా నేరుగా వస్తుంది.

ఎక్కిరింపును మాటను బట్టి పట్టలేం, మనిషిని బట్టే పట్టాలి. అందుకే ఈ సరంజామాలో హైడ్ యూజర్‌కి మొదటి మార్కు. వాడు రాస్తూనే ఉంటాడు, మిగతావాళ్లకు కనబడదు, వాడికి కబురూ వెళ్లదు. ఆపేశారని తెలిస్తే ఇంకో అకౌంట్‌తో దిగేవాడు, తెలియక గాలితో పోట్లాడుకుంటూ కూర్చుంటాడు.

ఆగిన కామెంట్లు 60 రోజులే ఉంటాయి. వారానికోసారి చూడకపోతే చెత్తతోపాటు మంచివీ పోతాయి. తేడాగా అనిపించిన కామెంట్లను యూట్యూబే ఆపే ఫిల్టర్‌ని స్ట్రిక్ట్‌లో పెడితే ఆ కుప్ప ఇంకా పెరుగుతుంది, ఒంటిచేత్తో నడిపే ఛానెల్‌కి బేసిక్ నయం.

పైడితల్లి అమ్మవారి సిరిమాను లైవ్‌లాంటి రోజున పద్ధతి వేరు. చాట్‌కి స్లో మోడ్ 60 సెకన్లు పెట్టి (ఒక్కొక్కరు నిమిషానికి ఒక్క మెసేజే పెట్టగలరు), ఇద్దరిని మోడరేటర్లుగా కూర్చోబెట్టాలి. ఒక్కరే అయితే కెమెరా చూడాలా, చాట్ చూడాలా? పిల్లల కోసమని గుర్తు పెట్టిన వీడియోకి అసలు కామెంట్లే ఉండవు, ఆ తలనొప్పి లేదు.

బెదిరింపుల దాకా వస్తే డిలీట్ కొట్టకముందే స్క్రీన్‌షాట్, ఆ అకౌంట్ లింకు, తేదీ దాచి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. "66ఏ (ఐటీ చట్టంలోని సెక్షన్) కింద కేసు వేస్తాం" అని జవాబు రాసి మాత్రం నవ్వులపాలు కావద్దు. ఆ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే కొట్టేసింది.