సాన్సూసీ ఒక పూట, వోర్లిట్స్ రెండు రాత్రులు

మేలో నాన్న బెర్లిన్ వచ్చినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే, ఫ్లూట్ వాయించిన ఆ రాజుగారి గది చూపించమ్మా అని. నలభై ఏళ్లు వయొలిన్ నేర్పిన మనిషి కదా. అందుకే ముందు పోట్స్‌డామ్ వెళ్లాం. లోకల్ ట్రైన్‌లో నలభై నిమిషాలు, ఆ పైన బస్సు. అక్కడున్న ఆ రాజుగారి సాన్సూసీ ప్యాలెస్ టికెట్ మాత్రం ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, టైమ్ స్లాట్ ఉంటుంది, సోమవారం సెలవు. పార్కులో తిరగడానికి డబ్బులు కట్టక్కర్లేదు.

1747లో పూర్తయిన ఈ ప్యాలెస్ ఒకటే అంతస్తు, ప్రష్యా రాజు ఫ్రెడరిక్ తన కోసం, తనకు నచ్చిన నలుగురి కోసం కట్టించుకున్నాడు. సంగీతం గదిలో జిల్బర్‌మన్ అనే వాద్యాల తయారీదారు చేసిన పాత పియానో ఉంది, నాన్న దాని ముందు నుంచి కదలలేదు. ఈ రాజు కొలువులోనే జర్మన్ సంగీతకర్త బాఖ్ కొడుకు ఇమాన్యుయేల్ పియానోలాంటి హార్ప్సికార్డ్ వాయించేవాడు, 1747 మేలో తండ్రి బాఖ్ కూడా పోట్స్‌డామ్ వచ్చి రాజు ఇచ్చిన చిన్న స్వరవరుస మీద అప్పటికప్పుడు అల్లి వినిపించాడు. మన దగ్గర పల్లవి ఇచ్చి స్వరకల్పన చేయమన్నట్టే అన్నారు నాన్న. ఫ్రెంచ్ రచయిత వోల్టేర్ పేరుతో ఉన్న గదిలో పసుపుపచ్చ గోడల మీద చెక్కతో చేసిన చిలకలు, కోతులు, పళ్లు గోడ లోంచి పొడుచుకొచ్చినట్టుంటాయి. బయట ద్రాక్షతోట మెట్లు అందంగా ఉంటాయి కానీ మోకాళ్ల నొప్పులున్న వాళ్లు పక్కనున్న ఏటవాలు దారిన వెళ్లండి. జనం ఎక్కువ, గదుల్లో కూర్చునే చోటు లేదు. ఒక పూట చాలు.

నా మనసు దోచింది మాత్రం వోర్లిట్స్ అనే ఊళ్లోని తోట. దెస్సౌ దాకా ట్రైన్, అక్కణ్నుంచి బస్సు. శని, ఆదివారాల్లో బస్సులు తక్కువ, వెళ్లగానే తిరుగు టైమ్ ఫోటో తీసి పెట్టుకోండి. దెస్సౌని పాలించిన ఫ్రాంజ్ ఇంగ్లండ్, ఇటలీ తిరిగొచ్చి, ఎర్డ్‌మన్స్‌డోర్ఫ్ అనే ఆర్కిటెక్ట్ స్నేహితుడితో కలిసి ఎల్బే నది పక్కన ఈ తోట మొదలుపెట్టాడు. తోట అంటే మనకి గేటు, కాపలా, టికెట్ గుర్తొస్తాయి, ఇక్కడ అవేవీ లేవు, అప్పట్లోనే అందరినీ రానిచ్చాడు, ఈ రోజుకీ ఉచితమే. పొలం ఎక్కడ ఆగిందో తోట ఎక్కడ మొదలైందో తెలియదు. పళ్లచెట్లు, పచ్చిక, చెరువు అన్నీ కలిసిపోయాయి. అందంగా ఉన్నదే ఉపయోగపడాలి అన్నది ఆయన పట్టుదల.

పడవ తప్పకుండా ఎక్కండి. తెడ్డుతో నడిపే పడవ, ముప్పావు గంట పడుతుంది. వివరణ జర్మన్‌లోనే కాబట్టి నేను నాన్నకి చెవిలో చెబుతూ వచ్చాను. ప్రతి వంతెన ఒక్కో రకం, వాటిలో ఇంగ్లండ్ కోల్‌బ్రూక్‌డేల్ ఇనుప వంతెనకి నాలుగో వంతు కొలతలతో 1791లో కట్టినది ఒకటి. పాప్లర్ చెట్లు గుండ్రంగా నిలబడ్డ చిన్న దీవి ఫ్రెంచ్ తత్వవేత్త రూసో జ్ఞాపకార్థం చేసింది. ఇంకో దీవిలో రాళ్లతో కట్టిన అగ్నిపర్వతం కూడా ఉంది! ఫ్రాంజ్ ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం చూసొచ్చి ముచ్చటపడి కట్టించుకున్నాడట.

కానీ తోటలోని బంగారు కలశం దగ్గర నిలబడి చూసిన దృశ్యం ఇంకా కళ్లలోనే ఉంది. చెట్ల మధ్య తెరిచి ఉంచిన ఒక సందులోంచి చర్చి శిఖరం, దాని పక్క సందులోంచి గుండ్రటి యూదుల ప్రార్థనామందిరం. 1790లో కట్టించాడు దాన్ని, రోమ్‌లోని గుండ్రటి గుడిలా. రెండూ ఒక్క చోటు నుంచి కనబడాలని చెట్లు అలా నాటించాడు. 1938లో నాజీలు తగలబెట్టబోతే తోట బాధ్యతలు చూసే అధికారి అడ్డుపడ్డాడు, ఆయన ఉద్యోగం పోయింది, మందిరం మిగిలింది. అది చెప్పాక నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

బస విషయానికొస్తే, ఊళ్లో ఒక గెస్ట్‌హౌస్‌లో దిగాం. కింది గది అని బుకింగ్‌లో రాసి ఇచ్చి, వెళ్లాక నిట్టనిలువు మెట్ల పైన గది ఇచ్చారు, లిఫ్ట్ లేదు. నాన్నకి అది నిజంగా కష్టమైంది, నాకు కోపమొచ్చింది. పెద్దవాళ్లతో వెళ్తే ఫోన్ చేసి మళ్లీ అడగండి. గది శుభ్రంగానే ఉంది, టిఫిన్‌లో బ్రెడ్, చీజ్, పళ్లు. రాత్రి ఎనిమిదింటికల్లా వంటగది మూసేశారు. శాకాహారులకు ఆ సీజన్‌లో తెల్ల ఆస్పరాగస్, ఉడికించిన బంగాళాదుంపలు దొరుకుతాయి, మేం ఊరగాయ తీసుకెళ్లడం మంచిదైంది. కెటిల్ కూడా పట్టుకెళ్లండి.

వోర్లిట్స్‌లో ఉన్న ప్యాలెస్ లోపలికి గైడ్‌తోనే వెళ్లాలి. పొద్దున పూట తోట, మధ్యాహ్నం ప్యాలెస్ పెట్టుకోండి, పొద్దున ఏడింటికి చెరువు మీద పొగమంచు ఉన్నప్పుడు తోటలో మేమిద్దరమే ఉన్నాం. మూడో రోజు బస్సుకి ఇంకా గంట ఉంది, ఎక్కడికెళ్దాం అంటే నాన్న ఆ కలశం దగ్గరికే అన్నారు.