మంచం కాళ్ల దగ్గర వేలాడే ఆ కాగితం

ఆరు నెలల కిందట నాన్నని ఈ నర్సింగ్, రీహాబ్ సెంటర్‌లో చేర్చేముందు నేనూ ఇలాంటి సమీక్షలే వెతికి చదివాను. అన్నిట్లోనూ ఒకటే మాట: శుభ్రంగా ఉంటుంది, స్టాఫ్ నవ్వుతూ మాట్లాడతారు, గదుల్లో వెలుతురు బాగా వస్తుంది. అబద్ధమేం కాదు. మొదటి నెలలో నన్నడిగితే నేనూ అవే చెప్పేదాన్ని. చెప్పాను కూడా, ఇద్దరు చుట్టాలకి.

నాన్నకి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఆస్పత్రి నుంచి నేరుగా ఇక్కడికే తీసుకొచ్చాం. అప్పటికి ఆయన తనంతట తాను పక్కకి ఒత్తిగిల్లలేరు. నా గొడవంతా దీని గురించే.

ముందు మంచి చెప్పేస్తాను. ఫిజియోథెరపీకి వంక పెట్టలేం. మూడో వారానికే నాన్నని రెండు కడ్డీల మధ్య నిలబెట్టారు. మా తమ్ముడు ఆయన్ని లేపుదామని పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగబోతే ఫిజియో అమ్మాయి గబుక్కున ఆపింది. అలా లాగితే భుజం కీలు జారుతుందట. నడుం దగ్గర ఎలా పట్టుకుని లేపాలో మా ఇద్దరితో నాలుగుసార్లు చేయించింది. కాకపోతే ఫిజియో రోజుకి గంటే. మిగతా ఇరవై మూడు గంటలు నర్సులూ ఆయాలే కదా. ఈ లెక్క నాకు ఆలస్యంగా తట్టింది.

మంచం కాళ్ల దగ్గర క్లిప్‌కి ఒక కాగితం వేలాడుతుంటుంది. రెండు గంటలకొక గడి, ఒక్కో గడిలో 'ఎడమ', 'వెల్లకిలా', 'కుడి', పక్కన సంతకం. కదల్లేని మనిషిని ఒకే వైపు పడుకోబెట్టి వదిలేస్తే ఎముక ఒత్తుకునే చోట రక్తం ఆడక చర్మం చచ్చిపోతుంది. అందుకే ఈ తిప్పడం. ఆ చార్టు చూసి ఎంత మురిసిపోయానంటే, ఫోటో తీసి 'చూడు ఎంత పద్ధతిగా ఉందో' అని తమ్ముడికి పంపాను.

రెండో నెలలో ఒక రాత్రి నాన్నకి జ్వరం వచ్చిందని నన్ను ఉండనిచ్చారు. మామూలుగా ఎనిమిదికల్లా పంపించేస్తారు. ఒంటిగంటన్నరకి మెలకువ వచ్చి, ఊరికే ఫోన్ వెలుతురులో ఆ కాగితం చూశాను. రెండింటికి ఎడమ, నాలుగింటికి వెల్లకిలా, ఆరింటికి కుడి. అన్నీ రాసేసి ఉన్నాయి. అదే పెన్ను, అదే సంతకం. నాన్న మాత్రం నేను పదింటికి చూసినట్టే వెల్లకిలా ఉన్నారు.

దుప్పటి తీసి, కష్టపడి ఆయన్ని కాస్త పక్కకి వంచి చూస్తే వెన్ను చివర ఎర్రటి మచ్చ. వేలితో నొక్కాను. మామూలు ఎరుపైతే నొక్కిన చోట తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. ఇది తెల్లబడలేదు. నైట్ సిస్టర్‌ని పిలిస్తే డైపర్ ఒరుసుకుని ఉంటుందన్నారు. 'గాలి పరుపు వేశాం కదా మేడమ్' అని కూడా అన్నారు. గాలి పరుపు వేసినా తిప్పడం మానకూడదు. పైగా ఆ పంపు మీద మనిషి బరువుని బట్టి పెట్టాల్సిన మర ఒకటి ఉంటుంది. దాన్ని చివరిదాకా తిప్పేసి ఉంచారు. పరుపు చెక్కలా ఉంది.

నాలుగో రోజుకి చర్మం పగిలింది.

కోపం ముందు ఆయా మీదే వచ్చింది. అడిగితే ఆమె దాచలేదు. 'ఒక్కదాన్నే లాగితే పెద్దాయన చర్మం దుప్పటికి రాసుకుపోతుందమ్మా. ఇద్దరం ఉండాలి. రెండో ఆమె పై అంతస్తులో ఉంది.' మరి కాగితం సంగతేంటన్నాను. 'పొద్దున సిస్టర్ చూస్తారు. గడి ఖాళీగా ఉంటే తిట్లు మాకే.' రాత్రి ఇరవై రెండు మంచాలకి ఇద్దరు ఆయాలు. ఆ తర్వాత ఆమె మీద కోపం నిలవలేదు.

మేనేజర్‌కి కంప్లయింట్ రాసిచ్చాను. వారంలో కొత్త చార్టు వచ్చింది, రంగుల్లో, ఇంకో రెండు గడులు ఎక్కువగా.

నేను ఊహించనిది పగటి డ్యూటీ సిస్టర్. పుండు సంగతి వినగానే 'మా తప్పే' అన్న మనిషి అక్కడ ఆవిడ ఒక్కతే. వారం వారం కాగితపు స్కేలు పెట్టి పుండు పొడవు, వెడల్పు, లోతు కొలిచి రాసేది. పూర్తిగా పక్కకి తిప్పితే తుంటి ఎముక ఒత్తుకుంటుందని, వీపు వెనక దిండు పెట్టి ముప్పై డిగ్రీలు వాల్చడం నేర్పింది. మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద ఇంకో దిండు. తొమ్మిది వారాలకి మానింది. మచ్చ ఉంది.

ఇంకో చిన్న విషయం. పిలవడానికి నొక్కే బెల్ తీగ రెండు వారాల పాటు నాన్న ఎడమ పక్క కడ్డీకి చుట్టి ఉంది. పడిపోయిన చెయ్యి వైపు! నేనూ గమనించలేదు, ఎవర్ని అనను?

ఇంత జరిగినా అక్కడి నుంచి తీసేయలేదు. ఫిజియో వదులుకోలేక, మొదటి కొన్ని నెలల్లోనే కోలుకోవడం ఎక్కువని డాక్టర్ చెప్పడం వల్ల. అప్పటి నుంచి రాత్రిళ్లు నేనూ తమ్ముడూ వంతులేసుకుని పడుకున్నాం, ఫోన్‌లో రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని. నాకు ఇంటి నుంచి పని, తమ్ముడికి ఇంకా పెళ్లి కాలేదు, కాబట్టి కుదిరింది. కుదరని వాళ్లకి ఏం చెప్పాలో నాకు తెలీదు. మీ మనిషి తనంతట తాను ఒత్తిగిల్లగలిగితే ఫిజియో కోసం చేర్చొచ్చు. లేకపోతే రాత్రి డ్యూటీలో ఎన్ని మంచాలకి ఎంతమందో అడగండి, వీలైతే చెప్పకుండా రాత్రిపూట ఓసారి వెళ్లండి. పగలు చూసి ఏమీ చెప్పలేం.

మొన్న ఫోన్‌లో పాతవి తీసేస్తుంటే తమ్ముడికి పంపిన ఆ ఫోటో కనబడింది. పెద్దది చేసి చూశాను. తీసింది సాయంత్రం ఐదున్నరకి. ఎనిమిది గంటల గడిలో 'కుడి' అని అప్పటికే రాసి ఉంది.