స్టీమ్ డెక్ ఓలెడ్: అరగంట ఆటకు సరైన పీసీ

మా బావ అమెరికా నుంచి వస్తూ తెచ్చిన, చేతిలో పట్టుకుని ఆడుకునే గేమింగ్ పీసీ స్టీమ్ డెక్ ఓలెడ్‌లో నాకు అన్నిటికంటే నచ్చింది పవర్ బటన్. ఆట ఏ దశలో ఉన్నా ఒక్కసారి నొక్కితే నిద్రపోతుంది, మళ్లీ నొక్కితే కొన్ని సెకన్లలో ఆగిన చోటే లేస్తుంది. రాత్రి పాప పడుకున్నాక దొరికే అరగంటలో మామూలు పీసీ ఆన్ చేసి అప్‌డేట్ల కోసం ఎదురుచూసే ఓపిక నాకు లేదు. దీంతో, మధ్యలో పాప లేచినా టెన్షన్ లేదు.

తెర 7.4 అంగుళాలు, 90 హెర్ట్జ్. ఓలెడ్ తెర కావడంతో ఆటల్లోని గుహల్లో చీకటి నిజంగా నల్లగా కనిపిస్తుంది. రిజల్యూషన్ 1280×800 మాత్రమే, కానీ ఆ సైజుకి చాలు. చిప్ మీద భారమూ తగ్గుతుంది. ట్రాక్‌ప్యాడ్లు ఉండడంతో మౌస్ కావాల్సిన స్ట్రాటజీ ఆటలు కూడా సోఫాలో కూర్చుని ఆడుకోవచ్చు. ఇది చాలా పెద్ద విషయం!

బరువు 640 గ్రాములు. పడుకుని ఎత్తిపట్టుకుంటే చేతులు లాగుతాయి. గ్రాఫిక్స్ భారీగా ఉండే ఆటలకు బ్యాటరీ రెండు మూడు గంటలే వస్తుంది కాబట్టి చార్జర్ లేకుండా రైలెక్కకండి. కొన్ని ఆటల్లో అక్షరాలు మరీ చిన్నవి.

ఇందులో ఉన్నది విండోస్ కాదు, లైనక్స్ ఆధారిత స్టీమ్‌ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. చాలా విండోస్ ఆటలు వాటిని లైనక్స్‌లో నడిపించే ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా నడుస్తాయి గానీ ఫోర్ట్‌నైట్, వాలరెంట్ నడవవు. అవే మీ ఆటలైతే విండోస్‌తో వచ్చే ఆర్‌ఓజీ ఎలై లాంటి చేతి పీసీలు చూడండి. పైగా స్టీమ్ డెక్‌ని దాని తయారీ సంస్థ వాల్వ్ మన దేశంలో నేరుగా అమ్మడం లేదు. రిపేరు వస్తే ఎవరికి ఇస్తారో ముందే ఆలోచించుకుని కొనండి.